యుద్ధం బదులు పోటీ పెడితే, ఓడిన దేశం ఒప్పుకుంటుందా?

బాబూ, విజయనగరంలో డిగ్రీ చదువుతున్నానన్నావు. నీ ప్రశ్న ఇది: రెండు దేశాలకి గొడవ వస్తే మనుషుల్ని చంపుకోవడం ఎందుకు? ఇద్దరి బలాలూ కంప్యూటర్లో వేసి, సిమ్యులేషన్ నడిపి, ఓడినవాళ్లు ఆ భూమి వదిలేస్తే సరిపోదా? లేదంటే రెండు దేశాల కుర్రాళ్లు వీడియో గేముల్లో తలపడి తేల్చుకోవచ్చు కదా?

పిల్లల ప్రశ్న అని నవ్వేసేవాళ్లు ఉంటారు. నేను నవ్వను. సైన్యంలో నా సర్వీసులో పెద్ద భాగం ఇలాంటి ఉత్తుత్తి యుద్ధాలకి ఏర్పాట్లు చేయడంలోనే గడిచింది. సుబేదారుగా రిటైరై ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఎవరు గెలుస్తారో లెక్క కట్టడం కష్టమే. కానీ అసలు చిక్కు అది కాదు. పోటీ అయిపోయాక ఓడినవాడి సైన్యం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. తుపాకులు, ట్యాంకులు, విమానాలు అన్నీ ఎక్కడివక్కడే. మరి వాడు భూమి ఎందుకు వదులుతాడు? నిజం యుద్ధంలో ఓడినవాడు వదిలేది మర్యాద కోసం కాదు, ఇక కొట్లాడే శక్తి లేక. ఇది వినడానికి బాగుండదు గానీ, నీ ఆలోచన ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో తెలియాలంటే దీన్ని పట్టుకోవాలి.

ముందు మా ఉత్తుత్తి యుద్ధం ఎలా ఉంటుందో చెప్తాను. దాన్ని శాండ్ మోడల్ అంటాం. పెద్ద హాల్లోనో, షామియానా కిందో నేల మీద ఇసుక పోసి, మ్యాపు చూసుకుంటూ గుట్టలు, లోయలు, కాలువ గట్లు తీరుస్తాం. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి చల్లితే పొలాలు, అడవి. నీలం ఊలు దారం పరిస్తే నది. రోడ్డుకి తెల్ల టేపు. వాటి మీద చిన్న జెండాలు గుచ్చుతాం, నీలం మనవి, ఎరుపు శత్రువువి. శత్రుదేశానికి అసలు పేరు పెట్టం, రెడ్ ల్యాండ్ అంటాం. చుట్టూ కుర్చీల్లో ఆఫీసర్లు, పొడవాటి కర్ర పట్టుకుని అంపైరు.

ఒకసారి ఒక మేజర్ గారు తన కంపెనీని, అంటే తన సైనిక దళాన్ని, రాత్రికి రాత్రి కాలువ దాటించారు. అంపైరు కర్రతో గట్టు మీద తట్టి, "ఇక్కడ మందుపాతరలున్నాయి, నీ సగం కంపెనీ పోయింది" అన్నాడు. మేజర్ ఒప్పుకుంటేనా! ఇంజనీర్లు ముందే దారి చేసిపెట్టారు, ఆర్డర్లో రాశాను చూడండి అన్నారు. ఇంజనీర్లు పని చేసే టైముకి వెన్నెల ఉంది, శత్రువు చూసి కాల్చేస్తాడు అన్నాడు అంపైరు. చంద్రోదయం పట్టిక తెప్పించారు. ఆ రోజు మబ్బు పట్టిందనుకోవచ్చు కదా అన్నారు మేజర్. వాదన తేలక చివరికి బ్రిగేడియర్ గారు టీ బ్రేక్ ఇచ్చారు. అందరూ పకోడీలు తిని వచ్చేసరికి చచ్చిన సగం కంపెనీ లేచి కూర్చుంది. తర్వాతి పాఠానికి వాళ్లు కావాలి మరి. ఆ జెండాలు మళ్లీ గుచ్చింది నేనే.

అందులో తప్పేమీ లేదు. అది నేర్చుకోవడానికి పెట్టిన ఆట. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు మ్యాపు, పాచికలు, అంపైరు పెట్టి ఈ ఆటని ఒక దారికి తెచ్చిన దగ్గర్నుంచి ప్రపంచంలో పెద్ద సైన్యాలన్నీ ఏదో ఒక రూపంలో ఆడుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఇసుక బదులు కంప్యూటర్ వచ్చింది, అంతే తేడా. కానీ ఆ హాల్లో పాఠం బదులు ఒక జిల్లా పణంగా ఉందనుకో. చంద్రోదయం పట్టిక చూసి ఆ మేజర్ మాట్లాడకుండా లేచి వెళ్లిపోతారా?

యుద్ధం లేకుండా పాచికలతో రాజ్యం చేతులు మారిన కథ మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. భారతంలో రెండో జూదం పందెం గుర్తుందా? ఓడినవాళ్లు పన్నెండేళ్లు వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం చేయాలి, ఆ తర్వాత రాజ్యం తిరిగి తీసుకోవాలి. నిండు సభలో, పెద్దల ముందు కుదిరిన ఒప్పందం. ఇంతకంటే గట్టి ఒప్పందం ఇప్పుడు ఐక్యరాజ్యసమితిలో కూడా రాయలేరు. తీరా పదమూడేళ్లు గడిచాక దుర్యోధనుడు లెక్క దగ్గర పట్టుకున్నాడు. గడువు తీరకుండానే అర్జునుడు బయటపడ్డాడు కాబట్టి మళ్లీ అడవికి పొమ్మన్నాడు. భీష్ముడు అధికమాసాలు కలిపి లెక్కగట్టి, గడువు దాటిపోయిందని చెప్పాడు. అంటే అంపైరు తీర్పు ఇచ్చేశాడు. ఆయన కంటే నిష్పక్షపాతంగా చెప్పగలవాడు అక్కడ లేడు, పైగా కౌరవ పక్షం మనిషే. అయినా సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. తీర్పు చెప్పే తెలివి భీష్ముడికి ఉంది. దాన్ని అమలు చేయించే పూచీ ఆయన తీసుకోలేదు.

అక్కడితో ఆగలేదు. పద్దెనిమిది రోజులు కొట్టుకుని సైన్యాలన్నీ పోయాక, మడుగులో దాక్కున్న దుర్యోధనుడికి ధర్మరాజు ఇంకో పోటీ ఇచ్చాడు: మాలో ఒకణ్ణి ఎంచుకో, వాణ్ణి గెలిస్తే రాజ్యం నీదే అని. కృష్ణుడు చీవాట్లు పెట్టాడు, పెట్టడా మరి! గదాయుద్ధం జరిగింది, తొడ మీద దెబ్బ పడింది, ఇది నియమం కాదని బలరాముడు నాగలి ఎత్తాడు. అదే రాత్రి అశ్వత్థామ వెళ్లి శిబిరంలో నిద్రపోతున్నవాళ్లని నరికేశాడు. పోటీలో దిగినవాడు ఓడిపోయినా, వాడి తరఫున మిగిలినవాళ్లు ఆ ఫలితాన్ని లెక్కచేయలేదు.

గ్రీకుల్లోనూ ఇదే జరిగింది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో స్పార్టా, ఆర్గోస్ ఒక భూమి కోసం తగువులాడుకుని, మొత్తం సైన్యాలు వద్దు, చెరో 300 మంది కొట్లాడుకుందాం, గెలిచినవాళ్లకే భూమి అని ఒప్పుకున్నాయి. చీకటి పడేసరికి ఆర్గోస్ వైపు ఇద్దరు, స్పార్టా వైపు ఒక్కడు మిగిలారు. ఆ ఇద్దరూ గెలిచామని చెప్పడానికి ఊరికి పరిగెత్తారు. స్పార్టావాడు మైదానంలోనే ఉండి, శత్రువుల శవాల మీద ఆయుధాలు పోగేసి తన శిబిరానికి తెచ్చాడు. మర్నాడు రెండు సైన్యాలూ వచ్చాయి. మావాళ్లు ఎక్కువమంది మిగిలారు అంటారు ఆర్గోస్ వాళ్లు, మీవాళ్లు పారిపోయారు అంటారు స్పార్టా వాళ్లు. మాటా మాటా పెరిగి రెండు సైన్యాలూ మొత్తంగా కొట్లాడుకున్నాయి. 597 మంది ముందురోజు చచ్చింది వృథా. ఏ నియమం పెట్టినా ఓడినవాడికి కావలసినంత సందు అందులోనే దొరుకుతుంది.

కంప్యూటరైతే సందు ఉండదు, అంకెలు అబద్ధం చెప్పవు అంటావేమో. ఆ అంకెలు దానికి ఎవరివ్వాలి? మన సబ్‌మెరైన్ ఎక్కడుందో, ఏ రాడార్ ఎంత దూరం చూస్తుందో, గోడౌన్లలో ఎన్ని రోజులకి సరిపడా గుండ్లున్నాయో నిజంగా చెప్పేస్తే, ఆ క్షణం నుంచే వాటి విలువ పోతుంది. చెప్పకపోతే సిమ్యులేషన్ తప్పు. ఇద్దరూ ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్తే ఇక చెప్పేదేముంది. యుద్ధాలు మొదలవడానికి ఒక పెద్ద కారణమే ఇది: ఎదుటివాడి బలం ఎంతో తెలియదు, మన బలం చూపించకూడదు. ఇద్దరికీ ముందే నిజం తెలిసి ఉంటే చాలా యుద్ధాలు మొదలే కావు, నీ పోటీ అవసరం కూడా రాదు.

అంకెలకి అందనిది ఇంకొకటి ఉంది, జనం ఎంత వరకు తట్టుకుంటారన్నది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకి వచ్చినప్పుడు కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందని పెద్ద పెద్ద నిపుణులే అన్నారు. ట్యాంకులు, విమానాలు, మందుగుండు లెక్కేస్తే అదే వస్తుంది. ఆ రోజు నీ సిమ్యులేషన్ పెట్టి ఉంటే కీవ్ పడిపోయిందని తీర్పు వచ్చేది, ఉక్రెయిన్‌వాళ్లు రాజధాని తాళాలు ఇచ్చేయాల్సి వచ్చేది. జరిగింది వేరు, కీవ్ పడలేదు. ఇలాంటి ఉదాహరణ ఒక్కటి చూశాక ఏ చిన్న దేశమైనా ఆ పోటీకి సంతకం పెడుతుందా? సిమ్యులేషన్‌లో అంకెలే చూస్తే ఎక్కువ ట్యాంకులున్నవాడే గెలుస్తాడు, కాబట్టి పెద్ద దేశాలకి అది చాలా నచ్చుతుంది.

ఇంకో రోగం చెప్తాను. ఆట చెప్పిన నిజం నచ్చకపోతే పెద్దవాళ్లు ఆటనే మార్చేస్తారు. 1942 మే నెలలో జపాన్ నౌకాదళం పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి మీద దాడికి ముందు యమాటో అనే యుద్ధనౌక మీద ఉత్తుత్తి యుద్ధం ఆడింది. అంపైరు పాచికలు వేస్తే జపాన్ విమానవాహక నౌకల మీద తొమ్మిది బాంబులు పడ్డాయి, రెండు నౌకలు మునిగాయి. పక్కనున్న అడ్మిరల్ ఉగాకి తొమ్మిదిని మూడు చేయమన్నాడు. ఒక నౌక బతికిపోయింది. తర్వాతి భాగం ఆడేటప్పటికి మునిగిన రెండోది కూడా తేలింది. నెల తిరిగాక జూన్‌లో, అసలు మిడ్‌వేలో, జపాన్ నాలుగు విమానవాహక నౌకలు పోగొట్టుకుంది. వాటిలో ఆ రెండూ ఉన్నాయి. అక్కడ తేల్చడానికి ఉగాకి ఏమీ చేయలేకపోయాడు.

అమెరికావాళ్లు తక్కువ తినలేదు. 2002లో దాదాపు 25 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఒక మహా వార్ గేమ్ ఆడారు. శత్రువు పాత్ర రిటైరైన మెరీన్ జనరల్ వాన్ రైపర్‌కి ఇచ్చారు. ఆయన రేడియోలు వాడకుండా మోటారు సైకిళ్ల మీద మనుషులతో ఆర్డర్లు పంపించి, చిన్న పడవలు, క్షిపణులతో ఒక్కసారిగా దాడి చేసి 16 అమెరికన్ నౌకలు ముంచేశాడు. వెంటనే ఆట ఆపి నౌకల్ని తేల్చారు. తర్వాత ఆయన ఏం చేయాలో, ఏ రాడార్ ఆన్‌లో ఉంచాలో కూడా వాళ్లే చెప్పారు. ఆయన విసుగొచ్చి మధ్యలోనే తప్పుకున్నాడు. సొంత ఇంట్లో, ఏ భూమీ పణంగా లేని ఆటలోనే ఇంత జరిగితే, రెండు శత్రుదేశాల మధ్య ఆటలో ఎంత జరుగుతుందో ఊహించుకో.

ఉత్తుత్తి యుద్ధం నిజం యుద్ధం అంచు దాకా తీసుకెళ్లిన సందర్భం మనకే ఉంది. 1986 చివర్లో సైన్యాధిపతి జనరల్ సుందర్‌జీ హయాంలో రాజస్థాన్ ఎడారిలో బ్రాస్‌టాక్స్ అనే ఎక్సర్‌సైజు పెట్టారు. అది సైనిక విన్యాసం, లక్షల మంది సైన్యం, ట్యాంకులు. నేను అప్పుడే రెజిమెంటులో చేరిన కుర్రాణ్ణి. సంక్రాంతి సెలవులు రద్దు అన్నారు, ఎందుకో మాకెవరూ చెప్పలేదు. పాకిస్తాన్ దాన్ని ఎక్సర్‌సైజు అని నమ్మలేదు. వాళ్లూ సైన్యాన్ని కదిలించారు, 1987 జనవరికి రెండు వైపులా టెన్షన్ పెరిగిపోయింది. మాట్లాడుకుని వెనక్కి తగ్గాక, ఫిబ్రవరిలో పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ జైపూర్‌లో క్రికెట్ టెస్ట్ చూడటానికి వచ్చారు. ఆటకి ఒక ఉపయోగం ఉందంటే అక్కడుంది. ఎదురుపడటానికి ఒక సాకు ఇస్తుంది. గొడవ తేల్చదు.

ఆటలతో కోపాలు చల్లారతాయనే వాదన మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ ప్రపంచకప్ అర్హత కోసం జూన్‌లో ఫుట్‌బాల్ ఆడాయి, జూలైలో యుద్ధం చేశాయి. అసలు గొడవ భూమిది, వలస వచ్చినవాళ్లది. ఫుట్‌బాల్ దానికి అగ్గిపుల్ల. మన బొబ్బిలి, విజయనగరం మధ్య కక్షలకి కోడిపందేలు కూడా ఒక కారణమని కథలు చెప్పేవాళ్లు అంటారు. చరిత్రకారులు అంత దూరం వెళ్లరనుకో. వీడియో గేములైనా అంతే, గెలిచిన కుర్రాడికి ఏ ఊరూ రాదు, ఓడిన కుర్రాడి దేశంలో వాడి ఇల్లు ముట్టడిస్తారు.

బొబ్బిలి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1757 జనవరి 24న కోట మీద దాడికి ముందు ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి రాజు రంగారావుకి ఒక దారి చూపించాడు: బొబ్బిలి వదిలేసి ఇంకోచోట భూములు తీసుకో అని. లెక్క ప్రకారం నష్టం లేదు. అయినా ఒప్పుకోలేదు. ఆయనకి బొబ్బిలి అంటే ఇన్ని ఎకరాలు, ఇంత శిస్తు అని కాదు. కోటలో ఆడవాళ్లు, పిల్లలు అంతా పోయారు. గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు ఆ తర్వాత కొద్ది రోజులకే తన డేరాలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చిపోయాడు. చివరికి బొబ్బిలి మళ్లీ వాళ్ల వంశానికే దక్కింది. నిజం యుద్ధం అన్నీ తేల్చేస్తుందని నేను అనటం లేదు, అదీ తేల్చలేదు. ఇచ్చిపుచ్చుకోవచ్చు అని ఇద్దరూ అనుకునే గొడవకే పోటీ పనికొస్తుంది. ఉనికే పణమైతే ఏ పోటీకీ దిగరు.

ఇక నీ ఆలోచన పనిచేసిన చోట్లు చెప్తాను. మీ ఊరికి దగ్గర్లోనే ఉంది. వంశధార నీళ్ల మీద మనకీ ఒడిశాకీ గొడవ. 1962లో సగం సగం అని ఒప్పందం. నేరడి బ్యారేజీ, కాట్రగడ్డ దగ్గర పక్క కాలువ మీద ఒడిశా అభ్యంతరం చెప్పింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు. రెండు వైపులా ఇంజనీర్లు, ఏళ్ల తరబడి ప్రవాహం లెక్కలు, ముంపు మ్యాపులు, లాయర్లు. 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చారు, నేరడికి అనుమతి వచ్చింది. అది సిమ్యులేషన్ కాకపోతే ఏమిటి? ఇన్ని టీఎంసీలు వస్తే ఇక్కడ కడితే అక్కడ ఎంత మునుగుతుంది అని కాగితం మీద నది నడిపించి చూడటమే కదా. అలాగని అంతా సుఖాంతం కాదు. తీర్పు వచ్చాక కూడా ఒడిశా అభ్యంతరాలు ఆగలేదు. "తీర్పొచ్చింది గానీ నీలు రాలేదేటి బాబూ" అని హిరమండలం వైపు ఒక రైతు నాతో అన్నాడు. సాలూరు అవతల కొటియా గ్రామాల గొడవైతే 1968 నుంచి కోర్టు చుట్టూ తిరుగుతోంది, అక్కడి గిరిజనులకి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. అయినా ఏ రాష్ట్రమూ తన పోలీసుల్ని యుద్ధానికి పంపలేదు. ఎందుకు? పైన ఢిల్లీ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. తీర్పు కాదంటే పోయేది నది ఒక్కటే కాదు. దేశాల మధ్య ఆ పైవాడు లేడు. ఉన్నాడనుకున్నా వీటో ఉంది. 1986లో నికరాగువా దేశం వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అమలు చేయించమని భద్రతామండలికి వెళ్తే అమెరికా వీటో చేసింది. 2016లో దక్షిణ చైనా సముద్రం మీద ట్రిబ్యునల్ తీర్పుని చైనా గుర్తించనే లేదు.

పైవాడు లేకుండా కూడా పనిచేసిన సందర్భాలున్నాయి, అవే నాకు ఎక్కువ ఆసక్తి. 1965 ఏప్రిల్‌లో కచ్ రణ్‌లో మనకీ పాకిస్తాన్‌కీ కాల్పులు జరిగాయి. బ్రిటిష్ ప్రధాని మధ్యలో దిగి ఆపించారు, సరిహద్దు ట్రిబ్యునల్‌కి వదిలేద్దామని ఇద్దరూ సంతకం పెట్టారు. ఆ తర్వాత సెప్టెంబరులో పెద్ద యుద్ధమే జరిగినా ఆ సంతకం మాత్రం చెరగలేదు. మనం ఎంచుకున్న జడ్జి యుగోస్లావియా ఆయన, వాళ్లు ఎంచుకున్నది ఇరాన్ ఆయన, అధ్యక్షుడు స్వీడన్ ఆయన. పాత మ్యాపులు, రాజుల కాలం ఉత్తరాలు అన్నీ చూసి 1968 ఫిబ్రవరి 19న తీర్పు ఇచ్చారు. పాకిస్తాన్ అడిగిన దాంట్లో పదో వంతు వాళ్లకి వచ్చింది. మన పార్లమెంటులో గగ్గోలు. ప్రతిపక్షాలు సత్యాగ్రహాలు చేశాయి, సుప్రీంకోర్టులో కేసు వేశారు. అయినా ప్రభుత్వం మాట తప్పలేదు, ఇచ్చేసింది. ఇచ్చింది ఉప్పు మైదానం. వానాకాలంలో నీళ్లు, ఎండాకాలంలో ఉప్పు. దానికోసం ఇంకో యుద్ధం చేస్తే అయ్యే ఖర్చు కంటే ఓటమి చవక. అదే కీలకం. 2014లో బంగ్లాదేశ్‌తో సముద్ర సరిహద్దు తీర్పులోనూ అంతే, తగువులో ఉన్న దాదాపు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకి పోయింది. మనం ఒప్పుకున్నాం. ఎందుకంటే గీత ఖరారైతేనే గ్యాస్ కోసం తవ్వే కంపెనీలు ధైర్యంగా వస్తాయి. ఇద్దరికీ లాభం.

అలాగని తీర్పు వచ్చాక అంతా శాశ్వతం కాదు. ప్రేహ్ విహార్ గుడి కంబోడియాదేనని 1962లో తీర్పు వచ్చింది, థాయిలాండ్ ఖాళీ చేసింది. అయినా 2008లో మళ్లీ కాల్పులు, 2025 జూలైలో ఆ సరిహద్దులో ఫిరంగులు, యుద్ధ విమానాలు.

మధ్యరకం ఒకటి ఉంది. యుద్ధాన్ని తీసేయకుండా దాని గోళ్లు కత్తిరించడం. 1996లో మనకీ చైనాకీ కుదిరిన ఒప్పందంలో వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని రాసుకున్నారు. అందుకే 2020 జూన్‌లో గల్వాన్‌లో మేకులు కొట్టిన కర్రలు, రాళ్లతో కొట్టుకున్నారు. మనవాళ్లు 20 మంది పోయారు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారితో సహా. అంత ఘోరంలోనూ ఎవరూ కాల్చలేదు. ఆ నియమమే లేకపోతే ఆ రాత్రి 20 దగ్గర ఆగేదా? కానీ అదే ఏడాది ఆగస్టు చివర్లో, దశాబ్దాల తర్వాత మొదటిసారి, ఆ రేఖ మీద గాల్లోకి తుపాకులు పేలాయి. ప్రాణం మీదకి వచ్చినప్పుడు నియమం ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. బొత్తిగా లేనిదాని కంటే నయం, అంత వరకే.

కాబట్టి బాబూ, దేశాల ఉనికి పణంగా ఉన్న యుద్ధాల్ని నీ పోటీ ఆపలేదు. ఆపగలిగినవి చిన్నవి: ఉప్పు మైదానాలు, నదులు, సముద్రంలో గీతలు. వాటికి కంప్యూటర్ గేము కంటే ట్రిబ్యునల్ మెరుగు. అక్కడ వాదించడానికి చోటుంటుంది. ఓడిన ప్రభుత్వం "మా లాయర్లు గట్టిగానే వాదించారు, జడ్జీలు ఇలా ఇచ్చారు" అని జనానికి చెప్పుకోగలదు. సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి ఇచ్చేశాం అంటే ఏ మంత్రి తిరిగి ఎన్నికవుతాడు? ఇక శాండ్ మోడల్ ఉపయోగం వేరు. యుద్ధానికి ముందే పెద్దవాళ్ల కళ్ల ముందు శవాల లెక్క పెట్టాలి, ఆ లెక్కని ఉగాకిలా చెరపకుండా చూసే అంపైరు కావాలి. 1960ల్లో అమెరికా వియత్నాం మీద ఇలాంటి ఆటలు ఆడింది, బాంబులేస్తే వాళ్లు లొంగరని ఆటలోనే తేలింది. విన్నవాళ్లు తక్కువ.

నీ ఆలోచనని నిజంగా ఎక్కడైనా పెట్టి చూడాలంటే నేను సర్ క్రీక్ చూపిస్తాను. కచ్ తీర్పులో తేలకుండా మిగిలిపోయిన ముక్క అది. గుజరాత్, సింధ్ మధ్య 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ. గీత పాయ మధ్యలో ఉండాలంటాం మనం, తూర్పు గట్టు మీద ఉండాలంటారు వాళ్లు. 2007లో రెండు దేశాలూ కలిసి సర్వే కూడా చేశాయి, కాబట్టి మ్యాపు మీద వాదన లేదు. గీత ఎక్కడ వేస్తే సముద్రంలో ఎవరికెంత వస్తుందో లెక్క కట్టొచ్చు. అక్కడ ఎవరి ఉనికీ పణంగా లేదు. ఆ గీత ఖరారు కాకపోవడం వల్ల మన జిల్లాలు కడుతున్న మూల్యం మాత్రం ఉంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లని పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఇక్కడ చేపలు చాలక అంత దూరం కూలికి పోయినవాళ్లు. ఏడాది దాటాక, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర బయటికి వచ్చారు. కరాచీ జైల్లో ఉన్నన్నాళ్లూ ఇక్కడ వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు. సముద్రంలో గీత కనపడదు, జీపీఎస్ చూసి వలేసేంత తీరికా ఉండదు. మీ కాలేజీలో ఇద్దరు ఇద్దరుగా జట్లు కట్టి ఆ సర్ క్రీక్ మ్యాపు మీద ఒక ట్రిబ్యునల్ ఆడి చూడండి, రెండో రోజు జట్లు మార్చుకోండి. ఓడిన జట్టు సంతకం పెట్టాలంటే గెలిచిన జట్టు ఏం వదులుకోవాల్సి వచ్చిందో రాసి పెట్టుకో. ఆ కాగితం నాకు పంపిస్తే చదువుతాను.